ఒకే ఇసుకలో బావి, మరుగుదొడ్డి

(డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాస పాఠం)



కె.ఎల్. రావు గారి పేరు వినగానే మనకు మహానదులు గుర్తొస్తాయి. కంకిపాడులో పుట్టి, విజయవాడ నుంచి వరసగా మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికై, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖలు చూసిన ఇంజినీరు ఆయన. నాగార్జునసాగర్ చరిత్రలో ఆయన పేరు విడదీయరానిది. పులిచింతల జలాశయానికి పెట్టుకున్నది ఆయన పేరే. గంగను కావేరితో కలపాలని 1972లో ఆయన ప్రతిపాదించిన కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. దాని మీద వాదోపవాదాలు ఈనాటికీ తెగలేదు. ఆ వాదం నాకు ఈ పూట అక్కర్లేదు. దాని కింద ఉన్న ఆలోచన కావాలి. ఒకచోట నీళ్లు మిగులుతున్నాయి, ఇంకోచోట చాలడం లేదు, మిగిలినచోటి నుంచి చాలనిచోటికి తీసుకుపోవాలి అన్నదే ఆ ఆలోచన. ఆంధ్రదేశంలో నీటి గురించి ఆలోచించేవాళ్లందరం ఆ బడిలోనే చదువుకున్నాం.

ఆ పాఠం చెల్లని నేల మన దేశంలోనే ఉంది. అక్కడ ఏరు లేదు, వాగు లేదు, కాలువ తవ్వి తెచ్చుకోవడానికి పక్క పరీవాహక ప్రాంతమంటూ లేదు. చుట్టూ సముద్రమే. లక్షద్వీప్ దీవుల తాగునీటి గురించి, మురుగునీటి గురించి మాట్లాడటానికి రావు గారి పేరున ఏర్పడిన ఈ వేదికను ఎంచుకున్నది అందుకే. ఆయన 'ఇండియాస్ వాటర్ వెల్త్' అనే గ్రంథంలో దేశపు నీటి ఆస్తినంతా లెక్కకట్టి చూపించారు. ఒక చిన్న దీవి ఆస్తిని కూడా అలాగే లెక్కకట్టి చూద్దాం.

కేరళ తీరానికి పడమరగా అరేబియా సముద్రంలో 36 దీవులున్నాయి. జనం స్థిరంగా ఉండేవి 10. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు, అంటే మన వైపు ఒక పెద్ద పంచాయతీ విస్తీర్ణం. 2011 జనాభా లెక్కల్లో అక్కడివాళ్లు 64,473 మంది. చదరపు కిలోమీటరుకు 2 వేల మందికి పైగా అన్నమాట. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకె 308. రాజధాని కవరత్తిలో సుమారు 4 చదరపు కిలోమీటర్ల ఇసుక మీద 11 వేల మందికి పైగా బతుకుతున్నారు. నేల చాలాచోట్ల సముద్రమట్టానికి మనిషి ఎత్తుకు మించి లేవదు.

వాన మాత్రం తక్కువేమీ కాదు. ఏడాదికి 1,600 మిల్లీమీటర్లు పడుతుంది. అనంతపురంలో కురిసేదానికి దాదాపు మూడు రెట్లు. కవరత్తి మీద పడే వాననంతా అక్కడి జనానికి పంచితే రోజుకు మనిషికి 1,500 లీటర్లు దాటుతుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఆ దీవి దాహంతో ఉంటుంది. పడిన వానలో కొంత ఆవిరవుతుంది, కొబ్బరిచెట్లు తమ వాటా తీసుకుంటాయి, మిగిలింది ఇసుకలోకి ఇంకిపోతుంది. అలా ఇంకినది ఏమవుతుందో తెలుసుకుంటే దీవి సంగతి సగం తెలిసినట్టే.

1836 ఏప్రిల్‌లో చార్లెస్ డార్విన్ హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు వెళ్లాడు. ఓడలు మంచినీళ్లు నింపుకునే బావులు అక్కడ ఉన్నాయి. సముద్రపు పోటుకు ఆ బావుల్లో నీరు లేస్తోంది, పాటుకు దిగుతోంది. సముద్రంతో పాటు ఆడే బావిలో నీళ్లు తియ్యగా ఎలా ఉన్నాయి? ఇసుక ఉప్పును వడగట్టేస్తుందని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. డార్విన్ దాన్ని ఒప్పుకోలేదు. వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతోందని రాశాడు. సుమారు అర్ధశతాబ్దం తర్వాత, 1888లో బాడన్ ఘైబెన్ అనే డచ్చి సైనిక ఇంజినీరు, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ ఇంజినీరు ఎవరికి వారుగా దీన్ని లెక్కలోకి తెచ్చారు. సముద్రమట్టం కంటే మంచినీరు ఒక అడుగు పైకి నిలిస్తే, కింద 40 అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుందని ఆ లెక్క చెబుతుంది.

పాల మీద మీగడలా ఉప్పునీటి మీద మంచినీరు నిలుస్తుంది. నడుమ మందంగా, అంచులకు పోయేకొద్దీ పలచగా ఉంటుంది కనక శాస్త్రవేత్తలు దీన్ని లెన్స్ అన్నారు. నేను మంచినీటి పొర అంటాను. కాగితం మీద 40 రెట్లని ఉన్నా దీవుల్లో అంత మందం రాదు. పగడపు ఇసుక కింద ఉండే పాత సున్నపురాయి నిండా బొరియలే. పోటుపాట్లు రోజూ ఆ బొరియల గుండా ఉప్పునీటిని తోసి కలిపేస్తుంటాయి. లక్షద్వీప్‌లో చివరికి మిగిలేది కొద్ది మీటర్ల పొర. ఆ దీవుల ఆస్తి అంతా అదే.

ఆ లెక్క వెనక్కు కూడా నడుస్తుంది. బావిలో నీటిమట్టం ఒక అడుగు దించితే, కింద ఉప్పునీరు కొన్ని పదుల అడుగులు పైకి ఉబకడానికి చూస్తుంది. చేదవేసి బొక్కెనతో తోడుకున్నంత కాలం ఈ ప్రమాదం లేదు. తోడే చేతికి అలుపొస్తుంది, ఆ కాస్త వ్యవధిలో ఊట మళ్లీ చేరుతుంది. మోటారు వచ్చాక పది నిమిషాల్లో మిద్దె మీది ట్యాంకు నిండిపోయింది, బావి ఉప్పెక్కింది. ఒక్కసారి ఉప్పెక్కిన బావి మోటారు ఆపిన మర్నాటికి తియ్యగా మారదు. ఒక్కోసారి ఒకటి రెండు వానాకాలాలు గడవాలి. నీరు ఒకేచోట లోతుగా లాగకుండా, నీటిమట్టం దగ్గరే అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి మెల్లగా తీసుకోవడం ఇలాంటి నేలకు సరైన పద్ధతి. పసిఫిక్ దీవుల్లో దశాబ్దాలుగా ఇదే చేస్తున్నారు.

ఇదంతా తాగునీటి శాఖ సంగతి. ఇక మరుగుదొడ్డి సంగతికి వద్దాం. ఈ రెండింటినీ విడదీసి చెప్పుకునే అలవాటే దీవులను దెబ్బతీసిందని నా గట్టి నమ్మకం.

లక్షద్వీప్‌లో ఇంటింటికీ బావి ఉంటుంది. మరుగుదొడ్డి కూడా ఇంటింటికీ వచ్చింది, రావలసిందే. దాని కింద సెప్టిక్ ట్యాంకు, ట్యాంకు పక్కన ఇంకుడు గుంత. మన పల్లెల్లో అయితే మధ్యలో ఎర్రమట్టో నల్లరేగడో ఉంటుంది. మురుగు అందులో మెల్లగా దిగుతూ దారిలోనే చాలావరకు శుభ్రపడుతుంది. పగడపు ఇసుక దేన్నీ ఆపదు. నీటిమట్టం ఒకటి రెండు మీటర్ల లోతులోనే ఉంది. గుంతలో పోసిన మురుగు నేరుగా మంచినీటి పొరలో కలుస్తుంది. బావికీ ఇంకుడు గుంతకూ కనీసం 15 మీటర్ల ఎడం ఉండాలని మన పుస్తకాల్లో చదువుకుంటాం. చదరపు కిలోమీటరుకు 2 వేల మంది ఉన్నచోట మన గుంతకు ఆ ఎడం పాటించినా పొరుగింటివాళ్ల బావికి పాటించలేం. పాటించినా అటువంటి ఇసుకలో 15 మీటర్లు పెద్ద అడ్డు కాదు.

మలంలోని క్రిముల సంగతి అందరికీ తెలుసు, నీళ్లు కాచుకుంటారు. నైట్రేటు సంగతి అంతగా తెలియదు. అది రంగు, రుచి, వాసన లేనిది. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లతో పాలు కలిపి పట్టిన పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది, ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుంది. బిడ్డ ఆరోగ్యం కోసం శ్రద్ధగా నీళ్లు కాచిన తల్లికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పవలసిన వాళ్లం మనమే.

ఇప్పుడు సముద్రపు నీటిని తాగునీరుగా మార్చిన కథ చెప్పాలి. అది గర్వంగా చెప్పుకోదగ్గ కథ. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005 మేలో కవరత్తిలో ఒక ప్లాంటు నడిపించింది. రోజుకు లక్ష లీటర్లు. దాని వెనకున్న ఆలోచన చాలా అందమైనది. పైన సముద్రపు నీరు 28, 29 డిగ్రీలు ఉంటుంది. పగడపు దీవుల చుట్టూ సముద్రం హఠాత్తుగా లోతెక్కుతుంది కాబట్టి, ఒడ్డుకు కొద్ది దూరంలోనే సుమారు 350 మీటర్ల లోతు దొరుకుతుంది. అక్కడి నీరు 12, 13 డిగ్రీల చల్లదనంతో ఉంటుంది. పైనీటిని గాలి బాగా తీసేసిన గదిలోకి వదులుతారు. ఆ గదిలో పీడనం మామూలు గాలి పీడనంలో ముప్పై, నలభయ్యో వంతు మాత్రమే. అంత తక్కువ పీడనంలో ఆ గోరువెచ్చని నీరే మరిగి ఆవిరవుతుంది. లోతు నుంచి తెచ్చిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లారిస్తే మంచినీరు. లోపలికి తీసుకున్న ప్రతి వంద లీటర్లలో ఆవిరయ్యేది సుమారు ఒక్క లీటరే. అందువల్ల తిరిగి సముద్రంలోకి వదిలే నీరు పెద్దగా ఉప్పెక్కదు, పగడాలకు హాని తక్కువ. పొరల గుండా ఒత్తిడితో నీటిని తోసే రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో మిగిలే చిక్కటి ఉప్పునీటితో పోల్చితే దీవులకు ఇది ఎంతో నయం. 2011లో మినికాయ్, అగత్తి దీవుల్లో ఇలాంటి ప్లాంట్లే పెట్టారు. ఆ తర్వాత రోజుకు లక్షన్నర లీటర్ల ప్లాంట్లు ఇంకొన్ని దీవులకు వచ్చాయి. 2024 జనవరిలో కద్మత్ ప్లాంటును ప్రారంభించారు.

ప్రపంచంలో ఎవరూ నిత్యావసరంగా నడపని పద్ధతిని మన ఇంజినీర్లు సముద్రం మధ్య నడిపి చూపించారు. వాళ్లకు నమస్కరిస్తూనే లెక్క చూద్దాం. కవరత్తిలో తొలి ప్లాంటు ఇచ్చిన లక్ష లీటర్లను 11 వేల మందికి పంచితే మనిషికి తొమ్మిది లీటర్లు. తాగడానికి, వండుకోవడానికి సరిపోతాయి. స్నానానికి, బట్టలకు, మరుగుదొడ్డికి మళ్లీ బావి దగ్గరికే రావాలి. పంపులన్నీ కరెంటు మీద నడుస్తాయి. ఆ కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లది. డీజిల్ కేరళ నుంచి ఓడల్లో రావాలి. వానాకాలంలో సముద్రం కల్లోలంగా ఉండి రాకపోకలు తగ్గిపోతాయి. సముద్రపు వేడి, చల్లదనాల తేడాతోనే కరెంటు తీసి దాంతోనే ప్లాంటు నడపాలని ఆ సంస్థ కవరత్తిలో పని మొదలుపెట్టింది. అది నెరవేరాలని మనసారా కోరుకుంటున్నాను.

నాకున్న బెంగ వేరే. మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీళ్లు ఇవ్వాలన్నది జల్ జీవన్ మిషన్ ప్రమాణం. ఇచ్చామనే అనుకుందాం. ఇంజినీర్ల లెక్క ప్రకారం అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. అంటే మనిషికి 44 లీటర్లు, 11 వేల మందికి రోజూ 4 లక్షల 80 వేల లీటర్లకు పైన. అది 4 చదరపు కిలోమీటర్ల ఇసుకలోకే పోవాలి. బొక్కెనతో తోడి పోసుకున్న నాడు ఒక చెంబుతో సరిపోయినచోట, ఫ్లష్ తిప్పితే పది లీటర్లు పోతాయి. కొత్తగా తెచ్చిన మంచినీళ్లే ఇంకుడు గుంతలోని మలినాన్ని ఇంకాస్త వేగంగా, ఇంకాస్త దూరం నెట్టుకుపోతాయి. నీటి పథకం ముందు, మురుగు పథకం వెనక అన్న వరస మైదాన ప్రాంతంలో తప్పు, దీవిలో అయితే ప్రమాదం.

దానికి మించిన ప్రమాదం ఇంకొకటుంది. కుళాయి వచ్చాక బావి మీద పట్టింపు పోతుంది. తాగని బావి పాడైతే అడిగేవాళ్లుండరు. పదేళ్లు అలా గడిస్తే పొర మొత్తం పాడవుతుంది, తెలిసేది ప్లాంటు ఆగిన రోజున.

అలాంటి రోజును మాల్దీవుల రాజధాని మాలె చూసింది. సుమారు రెండు చదరపు కిలోమీటర్ల ఆ నగరంలో లక్షమందికి పైగా జనం. వాళ్ల తాతల కాలంలో బావుల నీరే తాగేవాళ్లు. జనం పెరిగేకొద్దీ ఆ కొద్దిపాటి పొరను తోడేశారు, మిగిలినదాన్ని మురుగుతో నింపారు. 1978లో కలరా వచ్చింది. ఆ తర్వాత మురుగు గొట్టాలు వేసి సముద్రంలోకి వదిలారు. 1988 నుంచి సముద్రపు నీటిని శుద్ధి చేసి సరఫరా చేయడం మొదలైంది. నగరం పూర్తిగా దాని మీదే ఆధారపడింది. 2014 డిసెంబరు 4న నీటి కంపెనీ జనరేటర్ కంట్రోల్ ప్యానెల్‌లో మంటలు రేగాయి. ప్లాంటు ఆగిపోయింది. నగరమంతటికీ తాగునీరు లేదు. మన వాయుసేన విమానాల్లో నీళ్ల సీసాలు దించింది, నౌకాదళం ఐఎన్ఎస్ సుకన్యను, ఐఎన్ఎస్ దీపక్‌ను పంపింది. ఆపరేషన్ నీర్ అన్నారు దాన్ని. పొరుగుదేశంగా మనం చేసింది మంచిపని. కానీ రెండు చదరపు కిలోమీటర్ల కింద, జనం కాళ్ల కింద, ఒకప్పుడు తాగిన నీరు ఉండి కూడా ఆ రోజు ఎందుకూ కొరగాలేదు. మాల్దీవులు ఆ తర్వాత బాగా నేర్చుకున్నాయి. చిన్న దీవుల్లో తాగునీరు, మురుగు వ్యవస్థ రెండింటినీ ఒకే పథకంగా కడుతున్నారు. మన దేశం ఇచ్చిన రుణసాయంతో 28 దీవుల్లో అలా కట్టినవాటిని 2024 ఆగస్టులో అప్పగించారు. ఒకే ఒప్పందంలో నీళ్లు, మురుగు రెండూ ఉండటం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. మన సొంత దీవులకూ అదే షరతు పెట్టుకోవాలి.

మంచినీటి పొరను కాపాడటం సాంకేతిక విషయం కన్నా భూమి విషయం. పసిఫిక్‌లోని కిరిబాటి దేశపు రాజధాని సౌత్ తరవాలో 50 వేల మందికి పైగా ఉన్నారు. వాళ్లకు ప్రధాన ఆధారం బోన్రికి అనే చోటున్న మంచినీటి పొర. దాని పైనున్న నేలను ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించి భూ యజమానులకు కౌలు కడుతోంది. అయినా దశాబ్దాలుగా గొడవ నడుస్తూనే ఉంది. ఆ నేల మీద వాళ్ల పూర్వీకుల ఇళ్లున్నాయి, తోటలున్నాయి, సమాధులున్నాయి. కిందున్న నీళ్లు ఊరందరివి, పైనున్న నేల మాది అంటారు వాళ్లు. కాదనడానికి ఎవరికీ నోరు రాదు. 1977లో అక్కడ కలరా వచ్చాక సముద్రపు నీటితోనే ఫ్లష్ అయ్యే మురుగు వ్యవస్థ వేశారు. హాంకాంగ్‌లో కూడా 1950ల నుంచి సముద్రపు నీటితోనే ఫ్లష్ చేస్తున్నారు. మంచినీరు మిగులుతుంది నిజమే. గొట్టం పగిలితే మాత్రం మురుగుతో పాటు ఉప్పు కూడా పొరలో దిగుతుంది. రాతి నేల హాంకాంగ్‌కు అది సరిపోతుంది. పగడపు ఇసుక దీవికి నేను దాన్ని సిఫారసు చేయను.

లక్షద్వీప్‌లోనూ నేల సంగతి సున్నితమైనదే. అక్కడ ఆస్తి తల్లి వైపు నుంచి వస్తుంది, చాలా భూమి తరవాడు అనే పెద్ద కుటుంబపు ఉమ్మడి ఆస్తిగా ఉంటుంది. వాడ మురుగు శుద్ధికి నాలుగు సెంట్ల జాగా కావాలంటే ఒక్కరి సంతకంతో పని జరగదు. పెద్ద కుటుంబం మొత్తం కూర్చుని ఒప్పుకోవాలి. బావి, వంటగది, పసిబిడ్డ మూడూ చూసుకునే ఆడవాళ్లకే ఇంటి మీద హక్కు ఉన్న సమాజం కనక, నీటి సంఘాలకు వాళ్లే పెద్దలు కావాలన్నది నా అభిప్రాయం. అధికారులు ప్లాను గీసి తెచ్చి చూపించే పద్ధతి పనికిరాదు. గీయడానికి ముందే వాళ్ల వాకిట్లో కూర్చోవాలి.

మురుగును సముద్రంలోకి వదిలేస్తే పీడా పోతుందనేవాళ్లు ఉన్నారు. దీవికీ దాని చుట్టూ ఉన్న పగడపు గోడకూ మధ్య లోతులేని సముద్రం ఉంటుంది, లగూన్ అంటారు. అందులో నీరు బయటి సముద్రంతో తొందరగా మారదు. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువు. నాచు పెరిగి పగడాలను కప్పేస్తుంది. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబడ్డాయి. దెబ్బతిన్న పగడం మళ్లీ కోలుకోవాలంటే కొత్త పగడపు పిల్లలు రాతి మీద అతుక్కోవడానికి చోటుండాలి. అక్కడ నాచు నిండితే ఆ చోటు లేదు. అలలను ఆపేది ఆ పగడపు గోడే. దీవికి ఇసుకనిచ్చేది కూడా చచ్చిన పగడం, గవ్వలు, సున్నం పెంకులే. లగూన్‌లోకి మురుగు వదిలితే కాళ్ల కింద నేలకు ఆధారమే సన్నగిల్లుతుంది.

అయితే ఏం చేయాలి? నా మట్టుకు నేను వానతో మొదలుపెడతాను. వంద చదరపు మీటర్ల పైకప్పు మీద 1,600 మిల్లీమీటర్ల వాన పడితే లక్షా 60 వేల లీటర్లు. ఐదో వంతు తీసేసినా లక్షా 28 వేలు మిగులుతాయి. తాగడానికి, వండటానికి మనిషికి రోజుకు 8 లీటర్లు చొప్పున ఐదుగురున్న ఇంటికి డిసెంబరు నుంచి మే నడిమి దాకా కావలసింది సుమారు 6,600 లీటర్లు. పదివేల లీటర్ల తొట్టి ఉంటే ఆ ఇల్లు ఎండాకాలం మొత్తం ప్లాంటు వైపు చూడనక్కర్లేదు. అట్లాంటిక్‌లోని బెర్ముడాలో ప్రతి ఇంటి పైకప్పూ వాననీరు పట్టాల్సిందేనని చట్టం ఉంది. సున్నం పూసిన తెల్లటి మెట్ల కప్పులు, ఇంటి కింద నీటి తొట్టి. అక్కడ అది ఆచారం కూడా అయిపోయింది. మన దీవుల్లో ప్లాంటుకు పెట్టే ఖర్చులో కొంత తొట్లకు పెడితే, ఒక ప్లాంటు ఆగినా వందల తొట్లు ఆగవు.

ప్లాంటు వద్దనడం లేదు నేను. వాన తప్పిన ఏడాదికి, ఆసుపత్రికి, బడికి, బావి పాడైన వాడకు అది కావాలి. దినదినం ఆధారపడే మొదటి వనరుగా మాత్రం దాన్ని చేయకూడదు.

మురుగు విషయంలో నా పట్టు ఒక్కచోటే. దీవి నడుమ, పొర మందంగా ఉన్నచోట, ఇంకుడు గుంత అన్నది ఉండకూడదు. అడుగున, పక్కలా నీరు కారని ట్యాంకే ఉండాలి. రక్షణ పరిశోధన సంస్థ మంచుకొండల్లో సైనికుల కోసం రూపొందించిన బయోడైజెస్టర్లను లక్షద్వీప్‌కు తెచ్చారు. మలాన్ని కరిగించడంలో అవి మంచివే. అయితే వాటి నుంచి బయటికొచ్చే నీటిలో నత్రజని అలాగే ఉంటుంది. ఆ నీటిని మళ్లీ ఇసుకలోకే వదిలితే వచ్చిన లాభం సగమే. ఇళ్ల ట్యాంకుల నుంచి తేటనీటిని మాత్రమే సన్నటి గొట్టాల్లో వాడ చివరికి చేర్చి, అడుగున పొర వేసిన రెల్లు మడుల్లో పారించి, ఆ తర్వాత దీవి అంచున ఉన్న కొబ్బరితోటలకు పెట్టవచ్చు. అక్కడ పొర ఎలాగూ పలచన, తాగే బావులు తక్కువ, చెట్టుకు నత్రజని కావాలి. ట్యాంకు అడుగున చేరే బురదను రెండు మూడేళ్లకోసారి తీయాలి. దాన్ని తీసే బండి, తీసే మనిషి, తీసినదాన్ని కొబ్బరిపొట్టుతో కలిపి మాగబెట్టే జాగా ముందే ఏర్పాటు కావాలి. పథకాల్లో ఎప్పుడూ మరచిపోయేది ఈ మనిషినే. అతనికి నెల జీతం, చేతికి తొడుగులు, వైద్యం ఉండాలి. ఎవరూ ట్యాంకులోకి దిగకూడదు.

ఇంత తొందర ఎందుకంటే సముద్రం ఊరుకోవడం లేదు. దీవులు మునిగిపోతాయని మనం తరచూ వింటుంటాం. నీళ్లు అంతకంటే చాలా ముందే పోతాయి. 2018లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో మార్షల్ దీవుల్లోని రోయ్-నామూర్ మీద ఒక అధ్యయనం వచ్చింది. సముద్రమట్టం పెరిగేకొద్దీ అలలు ఏటా దీవి మీదుగా పొర్లిపోతాయని, అలా పొర్లినప్పుడల్లా మంచినీటి పొర ఉప్పెక్కుతుందని, చాలా పగడపు దీవులు ఈ శతాబ్దం నడిమికే తాగునీటికి నోచుకోకపోవచ్చని అందులో తేల్చారు. 2005లో పెర్సీ తుఫానుకు కుక్ దీవుల్లోని పుకాపుకా మీదుగా అలలు పొర్లాయి. అక్కడి పొర మళ్లీ తాగడానికి పనికి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. అయినా కోలుకుంది. వానలు పడి, జనం దాన్ని తోడకుండా వదిలేస్తే పొర మళ్లీ నిలబడుతుంది. ఉప్పును వాన కడుగుతుంది. ఏళ్ల తరబడి రోజూ ఇంకుతున్న మురుగును ఏ వానా కడగలేదు. తుఫాను మన చేతిలో లేదు గాని, ఇంకుడు గుంత మన చేతిలోనే ఉంది.

దీవులన్నీ ఒక్కలాంటివి కావని కూడా చెప్పాలి. అండమాన్ దీవుల్లో కొండలున్నాయి, 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు నీళ్లు ధనిఖరి ఆనకట్ట నుంచి వస్తాయి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. వేసవిలో కుళాయి ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకోవడం వాళ్లకు కొత్త కాదు. అక్కడ కట్టాల్సినవి చిన్న చెరువులు, కొండవాగుల మీద అడ్డుకట్టలు. రావు గారి బడి పాఠం అక్కడ కొంత పనికొస్తుంది.

మన తీరంలో ఆ పగడపు దీవుల పాఠమే పనికొస్తుంది. గోదావరి పాయల మధ్య కోనసీమ చివరన, అంతర్వేది, ఓడలరేవు వైపు, ఇసుకమేటల్లో చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరుతాయి. మరికాస్త లోతుకు బోరు దింపితే ఉప్పు. డార్విన్ కీలింగ్‌లో చూసిన సూత్రమే అది. ఆ ఇసుకమేటల మీదే ఇప్పుడు ఇళ్లు, సెప్టిక్ ట్యాంకులు, వాటిని ఆనుకుని రొయ్యల చెరువులు. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. ఆ చెరువుకు నీళ్లు తెచ్చే కాలువలోకే పై ఊళ్ల మురుగు దిగుతోంది. లక్షద్వీప్‌కు పాఠాలు చెప్పే స్థితిలో మనం లేం.

ఇక్కడున్న విద్యార్థులను ఒకటి అడుగుతాను. ఈ వేసవిలో తీరాన ఒక్క ఊరు ఎంచుకోండి. ప్రతి బావికీ, ప్రతి చెలమకూ, ప్రతి బోరుకూ ఒక నంబరు, ప్రతి సెప్టిక్ ట్యాంకుకూ ఇంకో నంబరు ఇచ్చి, రెండింటినీ ఒకే పటం మీద గుర్తు పెట్టండి. ఇప్పటిదాకా ఒక శాఖ దగ్గర బావుల జాబితా, ఇంకో శాఖ దగ్గర మరుగుదొడ్ల జాబితా ఉంటున్నాయి, రెండూ ఒక్కచోట చేరడం లేదు. ఉప్పుదనం కొలిచే మీటరు జేబులో పట్టేంతే ఉంటుంది. పోటుకోసారి, పాటుకోసారి కొలవండి. నైట్రేటు పరీక్షకు నమూనాలు మీ కాలేజీ ప్రయోగశాలకే తెచ్చుకోండి. వానలు పడ్డాక అవే బావులను మళ్లీ కొలవండి. ఆ పటం సిద్ధమైన రోజున దాన్ని మొదట ఆ ఊరి గ్రామసభలో పరచండి. ఏ బావి ఎవరిదో, దాని నీళ్లు ఏ పసిబిడ్డ తాగుతోందో వాళ్లకు తెలుసు. పంచాయతీకీ, శాఖలకూ అర్జీ రాయడం ఆ సభ ముగిశాక, వాళ్లతో కలిసే చేయండి.